గాలిలోంచి పంచదార: ఆకు లోపల ఏం జరుగుతుంది?

వంశధార గట్టు (గుణుపురం) | ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. మొన్న యూనిట్ టెస్టులో ‘చెట్టు వదిలే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి వస్తుంది’ అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేశారు. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి ఆ పాఠం అంటేనే దానికి టెన్షన్.

నిన్న రాత్రి చోడి అంబలి తాగుతూ నన్ను అడిగింది: “అమ్మా, ఈ పిండంతా గాలిలోంచి వచ్చిందంటారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల వంతుల్లో నాలుగు వంతులేనట. దాన్ని పట్టుకుని పిండి ఎలా చేస్తుంది? పుస్తకంలో బాణానికి ఇటు ఆరు కార్బన్ డయాక్సైడ్లు, అటు ఒక గ్లూకోజ్. ఆ బాణం లోపల ఏముంది?”

నేను పదో తరగతి వరకే చదివాను, బట్టలు కుట్టుకుంటాను. నాకేం తెలుస్తుంది? తెలిసినవాళ్ళు వాడుక మాటల్లో చెప్పండి. రేపు సాయంత్రం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాను.

చెరకు తోట (రాయగడ దగ్గర) | ఆదివారం రాత్రి 9:41

అమ్మా, మీ అమ్మాయి అడిగినదే నాకూ చాలా ఏళ్ళుగా ఉన్న సందేహం. ముప్ఫై ఏళ్ళుగా చెరకు వేస్తున్నాను. తీపి నేలలోంచి వస్తుందని మా నాన్న అనేవాడు. నేనూ అదే నమ్మాను. యూరియా వేస్తే గడ ఎదుగుతుంది, వేయకపోతే గిడసబారిపోతుంది. మరి ఇందులో గాలి పనేమిటి? చెప్పేవాళ్ళు కాస్త నాకూ అర్థమయ్యేలా చెప్పండి.

పాత మాస్టారు (పర్లాకిమిడి) | ఆదివారం రాత్రి 10:25

వాడుక మాటల్లో చెప్పమన్నారు కదమ్మా, సంతోషం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ గ్రాంథికంలో చెబితే తప్పే అవుతుంది. నేను జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ముందు రైతుగారి ప్రశ్న తీసుకుంటాను, అది తేలకపోతే పాప ప్రశ్న తేలదు.

బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అని ఒకాయన ఉండేవాడు. పెద్ద కుండీలో 200 పౌన్ల ఎండు మట్టి తూచి పోశాడు. అందులో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్ళు నీళ్ళు తప్ప ఇంకేమీ వేయలేదు. తర్వాత చెట్టును పీకి తూస్తే 169 పౌన్లు. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులే. అంటే మన లెక్కలో 70 కేజీలకు పైగా చెట్టు పెరిగింది, నేల ఇచ్చింది 60 గ్రాముల లోపు. ఆయన చనిపోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. ఇన్నేళ్ళయినా నేను ఈ లెక్క ఏ పిల్లలకు చెప్పినా ఒక్క క్షణం క్లాసు నిశ్శబ్దమయ్యేది.

ఆయన మాత్రం చెట్టంతా నీళ్ళలోంచి వచ్చిందనుకున్నాడు. ‘గ్యాస్’ అనే మాట పుట్టించింది ఆయనే. బొగ్గు కాల్చితే వచ్చే వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ గురించి రాసింది కూడా ఆయనే. చెట్టు కట్టుకున్నది ఆ వాయువుతోనే అని మాత్రం ఆయనకు తట్టలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. రెండు ముక్కలూ ఆయన చేతిలోనే ఉన్నాయి.

యూరియా అబద్ధం కాదు బాబూ. అందులోని నత్రజని తీపి అవదు. తీపి తయారుచేసే పనిముట్లు అవుతుంది. ఆ పనిముట్లలో పెద్దదాని పేరు రూబిస్కో. వరి లాంటి ఆకుల్లో నీటిలో కరిగే ప్రోటీన్లలో సగం దాకా అదొక్కటే. యూరియా పడితే పనిముట్లు పెరుగుతాయి. సరుకు మాత్రం గాలి, నీళ్ళు.

ల్యాబ్ కోటు (బరంపురం) | ఆదివారం రాత్రి 11:02

నేను ఇక్కడ బోటనీ పీజీ చేస్తున్నాను. మాస్టారి మాటకు ఒక లెక్క కలుపుతాను.

ఒక కేజీ పంచదారలో కార్బన్ సుమారు 420 గ్రాములు. అంత కార్బన్ కావాలంటే ఆకులు 1,540 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పట్టాలి. ఒక ఘనపు మీటరు గాలిలో అది ముప్పావు గ్రాము మాత్రమే ఉంటుంది. అంటే రెండు వేల ఘనపు మీటర్ల గాలి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదులు 70 ఊహించుకోండి. ఆ గదుల గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడంతా పిండితే కిలో పంచదార. ‘పదివేలలో నాలుగు’ అని చెల్లి ఆశ్చర్యపడింది కదా అక్కా, ఆశ్చర్యపడాల్సిన విషయమే అది.

ఆక్సిజన్ సంగతి. అది నీళ్ళలోంచి వస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌లోంచి కాదు. ఆకు వెలుగుతో నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ని బయటికి వదిలేస్తుంది. మిగిలిన ఎలక్ట్రాన్లనూ హైడ్రోజన్‌నూ దాచుకుంటుంది. 1941లో రూబెన్, కామెన్ బృందం మామూలు ఆక్సిజన్ కంటే కాస్త బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని గుర్తుగా వాడి చూస్తే, ఆ గుర్తు బయటికొచ్చిన ఆక్సిజన్ వాయువులో కనిపించింది. చెల్లి రాసిన తప్పు చిన్నది కాదు గానీ సిగ్గుపడాల్సింది కాదు. 1930ల దాకా చాలామంది శాస్త్రవేత్తలు అలాగే అనుకున్నారు.

బాణం లోపలి కథ రేపు రాస్తాను. అది తొందరగా చెప్పే విషయం కాదు.

వంశధార గట్టు (గుణుపురం) | సోమవారం ఉదయం 6:50

తమ్ముడూ, 1930ల దాకా పెద్దవాళ్ళే అలా అనుకున్నారన్న మాట చదివి అమ్మాయి ముఖం విప్పారింది. సాయంత్రం కోసం చూస్తుంటాం.

ల్యాబ్ కోటు (బరంపురం) | సోమవారం సాయంత్రం 6:15

అక్కా, ఇంట్లో చింతపిక్కలు ఉన్నాయా? ఉంటే పద్దెనిమిది తెచ్చుకోండి. ఒక్కో పిక్క ఒక కార్బన్ అనుకోండి.

పదిహేను పిక్కలు మూడు వరసలుగా, వరసకి అయిదు చొప్పున పెట్టండి. ఇవి ఆకు దగ్గర ముందే ఉన్న సరుకు. దీని పేరు రైబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్, అయిదు కార్బన్ల చక్కెర. మిగిలిన మూడు పిక్కలు గాలిలోంచి వచ్చిన మూడు కార్బన్ డయాక్సైడ్లు.

ఒకటో మెట్టు: ఒక్కో వరసకి ఒక్కో పిక్క చేర్చండి. ఈ పని చేసేదే రూబిస్కో. అయిదు ఆరయింది. ఆ ఆరు క్షణం కూడా నిలవదు, నడిమికి విరిగి మూడు, మూడు అవుతుంది. మూడు వరసలూ విరిగితే ఆరు కుప్పలు, కుప్పకి మూడు పిక్కలు. ఇది ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లం. గాలిలోని కార్బన్ ఆకులో మొదట తీసుకునే రూపం ఇదే. గమనించండి, ఇది ఇంకా చక్కెర కాదు, ఆమ్లం.

రెండో మెట్టు: ఆ ఆరు కుప్పల్లో ప్రతిదానికీ ఒక ఏటీపీ, ఒక ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చు పెట్టాలి. ఈ రెండూ ఆకు ఎండలోంచి సంపాదించిన రొక్కం. నీటిని విడగొట్టినప్పుడు దాచుకుందని చెప్పానే, ఆ ఎలక్ట్రాన్లు ఎన్‌ఏడీపీహెచ్‌గా ఇక్కడికి వస్తాయి. ఖర్చు పెట్టగానే ఆమ్లం మూడు కార్బన్ల చక్కెర అవుతుంది. పిక్కల సంఖ్య మారలేదు, గుణం మారింది. నిజానికి గాలి తీపిగా మారిన చోటు ఇదే.

ఇప్పుడు ఒక కుప్ప పక్కకి తీయండి. అది లాభం. మిగిలిన అయిదు కుప్పల్లో పదిహేను పిక్కలు.

మూడో మెట్టు చెల్లికి పొడుపుకథలా ఇస్తున్నాను. ఆ అయిదు కుప్పల్ని మళ్ళీ అయిదేసి పిక్కల మూడు వరసలు చేయాలి. నియమాలు రెండే. రెండు కుప్పల్ని కలిపేయవచ్చు. లేదా ఒక కుప్పలోంచి రెండు పిక్కలు తీసి ఇంకో కుప్పకి ఇవ్వవచ్చు. ఒక్కో పిక్క తీయడానికి వీల్లేదు. ఆకు లోపల కూడా నియమం ఇదే.

చెరకు తోట (రాయగడ దగ్గర) | సోమవారం రాత్రి 8:05

నేను మా మనవడితో కూర్చుని చేశాను. ఆరు కుప్పల దాకా వచ్చాం. తర్వాత చిక్కుకుపోయాం. మూడు, మూడు కలిపితే ఆరు. అయిదెలా అవుతుంది?

వంశధార గట్టు (గుణుపురం) | సోమవారం రాత్రి 9:30

వచ్చేసింది! అమ్మాయి చెబుతుంటే నేను రాస్తున్నాను. దాదాపు గంట పట్టింది, మధ్యలో కరెంటు పోతే దీపం పెట్టుకుని చేసింది.

మూడు, మూడు కలిపి ఆరు చేసింది. ఆ ఆరులోంచి రెండు తీసి మూడో కుప్పకి ఇచ్చింది. మూడో కుప్ప అయిదయింది, ఆరు కాస్తా నాలుగయింది. ఆ నాలుగుకి నాలుగో కుప్ప కలిపితే ఏడు. ఏడులోంచి రెండు తీసి అయిదో కుప్పకి ఇస్తే, ఇదీ అయిదు, అదీ అయిదు. మూడు అయిదులూ వచ్చాయి.

తమ్ముడూ, ఇది నిజంగా ఆకులో ఇలాగే జరుగుతుందా, లేక మీరు ఆట కోసం కల్పించారా అని అడగమంటోంది.

ల్యాబ్ కోటు (బరంపురం) | సోమవారం రాత్రి 9:52

అచ్చం ఇలాగే జరుగుతుంది. ఆరు, నాలుగు, ఏడు అన్నీ నిజమైన చక్కెరలు, వాటికి పేర్లున్నాయి. రెండేసి కార్బన్లు మోసే ఎంజైమ్ (మాస్టారు చెప్పిన పనిముట్ల లాంటిదే) పేరు ట్రాన్స్‌కీటోలేజ్, కలిపేదాని పేరు ఆల్డొలేజ్. చివరికి మూడు వరసల్నీ పూర్తిగా సిద్ధం చేయడానికి ఇంకో మూడు ఏటీపీలు. మొత్తం ఖర్చు 9 ఏటీపీలు, 6 ఎన్‌ఏడీపీహెచ్‌లు. రాబడి మూడు పిక్కలు.

చెల్లి దీన్ని గంటలో చేసింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కాల్విన్, బెన్సన్, బాషమ్‌లకు దాదాపు పదేళ్ళు పట్టింది. వాళ్ళ ముందు పిక్కలు పరిచిపెట్టినవాళ్ళు లేరు మరి. 1940లో అక్కడే కామెన్, రూబెన్ రేడియోధార్మిక కార్బన్ అయిన కార్బన్-14ని కనిపెట్టారు, అది లేకపోతే ఈ పని సాగేది కాదు. క్లోరెల్లా అనే నాచును పలచని గాజు బుడ్డిలో పోసి, వెలుగు పెట్టి, కార్బన్-14 ఉన్న సరుకు ఇచ్చేవారు. కొన్ని సెకన్లు కాగానే కుళాయి తిప్పి మరిగే ఆల్కహాల్లోకి వదిలేవారు. నాచు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఆ రసాన్ని కాగితం మీద పాకించి, దాని మీద ఎక్స్‌రే ఫిల్మ్ పెడితే, కార్బన్-14 చేరిన పదార్థం ఉన్నచోట నల్లమచ్చ. ఎక్కువసేపు ఉంచితే బోలెడు మచ్చలు. సెకన్లు తగ్గించుకుంటూ పోతే చివరికి ప్రధానంగా ఒక్క మచ్చ మిగిలింది, అదే మూడు కార్బన్ల ఆమ్లం.

మూడు వచ్చింది కాబట్టి, రెండు కార్బన్ల దానికి ఒకటి కలుస్తోందనుకుని ఆ రెండు కార్బన్లదాని కోసం చాలాకాలం వెతికారు. అది దొరకలేదు. అయిదు ఆరయి విరుగుతోందని తర్వాత తేలింది. 1961లో కాల్విన్‌కి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు, ఒక్కరికే. బెన్సన్ పేరు లేదు. అందుకే ఈ పిక్కల చక్రాన్ని నేను కాల్విన్ వలయం అనను, కాల్విన్-బెన్సన్ వలయం అంటాను. పరీక్షలో ఏది రాసినా మార్కులు వేస్తారు.

పాత మాస్టారు (పర్లాకిమిడి) | సోమవారం రాత్రి 10:20

పాపకి నా ఆశీస్సులు. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గానీ చింతపిక్కలతో ఎప్పుడూ చెప్పలేదు. ఇది నేను ముందే తెలుసుకుని ఉంటే ఎంతమంది పిల్లలకి మేలు జరిగేదో.

రైతుగారూ, మీకు ఇది వేరేలా చెబుతాను. ఆరు కుంచాలు పండితే అయిదు కుంచాలు విత్తనానికి తీసి గాదెలో పోసి, ఒక్క కుంచం వంటకి తీసుకునే సేద్యం ఇది. అంత విత్తనం దాచితే ఇల్లు గడుస్తుందా అనిపిస్తుంది. కానీ ఇక్కడ విత్తనం చెడదు, తరగదు. పదిహేను పెట్టి పద్దెనిమిది తీసుకుని, పదిహేను మళ్ళీ గాదెకి. గాలిని అందుకునే చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి కదా. ఆకు తయారుచేసిన సరుకులో ఎక్కువ భాగం ఆ చేతిని మళ్ళీ సిద్ధం చేసుకోవడానికే పోతుంది. నా మట్టుకు ఈ పాఠమంతటిలోనూ ముఖ్యమైన సంగతి అదే. పుస్తకంలో మాత్రం దాన్ని ‘పునరుత్పత్తి’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తారు.

చెరకు తోట (రాయగడ దగ్గర) | సోమవారం రాత్రి 10:44

ఇప్పుడు తెలిసింది మాస్టారూ. మరి ఆ ఒక్క కుంచం ఎక్కడికి పోతుంది? గడలోకి పంచదార ఎలా చేరుతుంది?

ల్యాబ్ కోటు (బరంపురం) | సోమవారం రాత్రి 11:10

పక్కకి తీసిన మూడు పిక్కల కుప్పకి రెండు దారులు. కొన్ని కుప్పలు హరితరేణువు (ఆకు కణంలో ఈ పనంతా జరిగే పచ్చటి రేణువు) దాటి బయటికి వస్తాయి. అలాంటివి నాలుగు కలిస్తే పన్నెండు కార్బన్లు, అదే సుక్రోజ్, మనం తినే పంచదార. అది ఆకు ఈనెల్లోంచి గడలోకో గింజలోకో వేరులోకో ప్రయాణం చేస్తుంది. మిగిలినవి హరితరేణువు లోపలే పిండిగా మారి నిల్వ ఉంటాయి. పుస్తకం బాణం చివర గ్లూకోజ్ అని రాస్తారు గానీ, ఈ వలయంలోంచి నేరుగా బయటికొచ్చేది గ్లూకోజ్ కాదు, మూడు కార్బన్ల చక్కెర. గ్లూకోజ్ అనేది లెక్క తేలిగ్గా ఉండడానికి రాసుకునే పేరు.

కొండదారి (కొరాపుట్) | మంగళవారం ఉదయం 7:30

బాగా రాస్తున్నారు అందరూ. చిన్న సందేహం. ఈ వలయాన్ని ‘నిష్కాంతి చర్య’ అంటారు కదా, అంటే రాత్రిపూట జరుగుతుందనే కదా? రావిచెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందని వాట్సాప్‌లో తరచూ వస్తుంటుంది. మా వీధి చివర రావిచెట్టు కింద వేసవిలో పడుకునేవాళ్ళు కూడా అదే అంటారు.

పాత మాస్టారు (పర్లాకిమిడి) | మంగళవారం ఉదయం 9:05

ఆ పేరే మన కొంప ముంచింది బాబూ. ‘నిష్కాంతి’ అంటే వెలుగు నేరుగా అక్కర్లేదని మాత్రమే. రాత్రి జరుగుతుందని కాదు. ఎండలోంచి రావాల్సిన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ పొద్దు గుంకగానే ఆగిపోతాయి. పైగా రూబిస్కోతో సహా ఈ వలయంలోని ముఖ్యమైన ఎంజైములు వెలుగు ఉన్నప్పుడే పూర్తిగా మేలుకుంటాయి. మామూలు మొక్కల్లో ఇది పగటి పనే.

రావిచెట్టు సంగతి. ఆక్సిజన్ నీళ్ళను విడగొడితేనే వస్తుంది, నీళ్ళను విడగొట్టడానికి వెలుగు కావాలి. రాత్రి వెలుగు లేదు, కాబట్టి ఏ చెట్టూ రాత్రి ఆక్సిజన్ తయారుచేయదు. రావి కూడా అంతే. కలబంద, అనాస, బ్రహ్మజెముడు లాంటివి రాత్రిపూట ఆకురంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఆమ్లంగా దాచుకుంటాయి, ఎండలో నీళ్ళు ఆవిరైపోకుండా. వాటి చక్కెర పని కూడా తెల్లారాకే. రావిచెట్టు కింద చల్లగా ఉంటుంది, హాయిగా పడుకోండి. ఆక్సిజన్ లెక్క మాత్రం దానికి కట్టకండి.

జయపురం విత్తనం (జయపురం) | మంగళవారం మధ్యాహ్నం 1:20

ఇప్పుడే చూశాను ఈ చర్చ. పైరు వైపు నుంచి ఒకటి అడగాలి. మా వైపు పల్లపు మడుల్లో వరి, మెట్టు మీద చోళ్ళు. కమలా పూజారి గారి లాంటి ఆదివాసీ రైతులు ఎన్నో దేశవాళీ వరి రకాలు కాపాడారు, ఆమెకి 2019లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఏ రకం వరి అయినా మిట్టమధ్యాహ్నం ఎండకి ఆకు ముడుచుకుంటుంది. పక్కన మెట్టులో చోళ్ళు, మొక్కజొన్న అదే ఎండకి నిటారుగా ఉంటాయి. నీళ్ళ తేడా ఒక్కటే కాదనిపిస్తుంది. ఈ చింతపిక్కల లెక్కలో దానికేమైనా జవాబు ఉందా?

ల్యాబ్ కోటు (బరంపురం) | మంగళవారం సాయంత్రం 5:40

ఉంది. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

రూబిస్కోకి ఒక బలహీనత ఉంది. అది కార్బన్ డయాక్సైడ్‌నీ ఆక్సిజన్‌నీ సరిగ్గా వేరుచేసి గుర్తుపట్టలేదు. అది పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ లేనంత తక్కువ, అందుకని అప్పట్లో ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆక్సిజన్ నూటికి 21 వంతులు. అయిదు పిక్కల వరసకి పొరపాటున ఆక్సిజన్ తగిలిస్తే ఏమవుతుందో చూడండి. కొత్త పిక్క చేరదు. అయిదు విరిగి మూడు, రెండు అవుతుంది. మూడు పనికొస్తుంది, రెండు పనికిరాదు. అలాంటి రెండు రెళ్ళు కలిపి బాగుచేసుకుంటే మూడు తిరిగొస్తుంది, ఒక పిక్క కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. కష్టపడి పట్టుకున్నదే జారిపోయింది, పైగా ఏటీపీ ఖర్చు. దీన్ని కాంతిశ్వాసక్రియ అంటారు. వరి లాంటి పైర్లలో పట్టిన కార్బన్‌లో దాదాపు పావు వంతు ఇలా పోతుంది. ఎండ పెరిగేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. నీళ్ళు కాపాడుకోవడానికి ఆకురంధ్రాలు మూసుకుంటే లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఇంకా పెరుగుతాయి.

దానికి తోడు రూబిస్కో నెమ్మది. సెకనుకి మూడు నాలుగు కార్బన్ డయాక్సైడ్లకు మించి పట్టలేదు. వేలకొద్దీ పట్టే ఎంజైములు ఉన్నాయి. అందుకే ఆకు దాన్ని అంత ఎక్కువగా తయారుచేసుకుంటుంది. మాస్టారు చెప్పిన యూరియా కథకు మూలం ఇదే.

చోళ్ళు, జొన్న, మొక్కజొన్న, చెరకు వేరే ఉపాయం పన్నాయి. ఇంటికి ముందు వసారా కట్టుకున్నాయి అనుకోండి. వసారాలో పెప్ కార్బాక్సిలేజ్ అనే కాపలాదారు ఉంటుంది, ఆక్సిజన్‌ని చూసి పొరబడదు. అది మూడు కార్బన్ల దానికి ఒకటి కలిపి నాలుగు చేస్తుంది. ఆ నాలుగుని లోపలి గదిలోకి, అంటే ఈనె చుట్టూ ఉన్న కణాల్లోకి పంపుతుంది. అక్కడ ఒకటి విడిపోయి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, మూడు వెనక్కి వచ్చేస్తుంది. లోపలి గదిలో కార్బన్ డయాక్సైడ్ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి రూబిస్కో పొరబడే అవకాశం చాలా తక్కువ. ఆపైన అదే చింతపిక్కల వలయం. వసారా నడపడానికి అదనంగా ఏటీపీలు కావాలి, అందుకని చల్లటి, వెలుగు తక్కువ చోట్ల దీనివల్ల లాభం లేదు. మన ఎండలో ఉంది. ఆకురంధ్రాలు సగం మూసుకున్నా పని సాగుతుంది, నీళ్ళు మిగులుతాయి.

చెరకు తోట బాబాయ్, మీకొక మాట. ఈ నాలుగు కార్బన్ల దారి మొదట దొరికింది చెరకు ఆకులోనే. హవాయిలో చెరకు మీద పనిచేసినవాళ్ళు నాలుగు కార్బన్ల మచ్చని చూశారు. ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ 1966లో దాని దారి విప్పి చెప్పారు. సీ4 అనే పేరు అలా వచ్చింది, వరిది సీ3.

చెరకు తోట (రాయగడ దగ్గర) | మంగళవారం సాయంత్రం 6:30

మా పంటలోనే దొరికిందా! ఇంత ఎండలో చెరకు ఎందుకు తట్టుకుంటుందో ఇన్నాళ్ళకి తెలిసింది బాబూ. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

జయపురం విత్తనం (జయపురం) | మంగళవారం రాత్రి 8:15

చాలా థ్యాంక్స్ తమ్ముడూ. మరి వరికి కూడా ఆ వసారా కట్టవచ్చు కదా?

ల్యాబ్ కోటు (బరంపురం) | మంగళవారం రాత్రి 8:50

ప్రయత్నిస్తున్నారు అన్నా, చాలా దేశాల వాళ్ళు కలిసి. ఎంజైములు పెట్టడం ఒక ఎత్తు, ఈనెల చుట్టూ గదులు కట్టించడం ఇంకో ఎత్తు. అలాంటి వరి ఇంకా రైతు చేతికి రాలేదు.

పాత మాస్టారు (పర్లాకిమిడి) | మంగళవారం రాత్రి 9:30

ఒక్క మాట చెప్పి పాపని పనిలోకి దింపుతాను. ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ అనే ఆయన 1905లో అన్నదేమిటంటే, వెలుగు, కార్బన్ డయాక్సైడ్, వేడి వీటిలో ఏది తక్కువైతే అదే వేగాన్ని ఆపుతుంది. ఆ బ్లాక్‌మన్‌తో కలిసి ఆపిల్ పళ్ళ శ్వాస మీద పనిచేసి 1928లో ప్రచురించినవారు మన ఒడిశా ఆయనే, ప్రాణకృష్ణ పరిజా. తర్వాత ఉత్కళ విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. పాప చదివే రాష్ట్రంలోంచి ఇలాంటివారు వచ్చారని తెలియాలి.

అమ్మా, మీ ఇంట్లో మందార చెట్టు ఉంటే ఒక ఆకు మీద రెండు వైపులా నల్లకాగితం పట్టీ క్లిప్పుతో పెట్టి, ఎండ పడ్డాక కోయండి. వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచి, స్పిరిట్ ఉన్న గ్లాసులో వేసి, ఆ గ్లాసుని వేడినీళ్ళ గిన్నెలో పెట్టండి. స్పిరిట్‌ని మాత్రం మంట మీద పెట్టకండి, భగ్గుమంటుంది. పొయ్యి ఆర్పేశాకే స్పిరిట్ సీసా మూత తీయండి. ఆకు తెల్లబడ్డాక కడిగి టింక్చర్ అయోడిన్ చుక్కలు వేయండి. పిండి ఉన్నచోట నీలి నలుపు వస్తుంది.

వంశధార గట్టు (గుణుపురం) | గురువారం ఉదయం 8:10

మాస్టారూ, పాడైపోయింది. కాలేజీకి వెళ్ళేలోపు చేసేయాలని బుధవారం పగలంతా పట్టీ ఉంచి, ఈరోజు ఉదయం ఆరింటికి ఆకు కోశాం. అన్నీ మీరు చెప్పినట్టే చేశాం. ఆకంతా అయోడిన్ రంగే, లేత గోధుమరంగు. నలుపు ఎక్కడా లేదు. పట్టీ ఉన్నచోటూ లేనిచోటూ ఒకటే. అమ్మాయి ఏమీ తినకుండా వెళ్ళిపోయింది.

ల్యాబ్ కోటు (బరంపురం) | గురువారం ఉదయం 8:35

అక్కా, పాడవలేదు! చెల్లి తెలియకుండానే ఇంకో ప్రయోగం చేసింది. పగలు హరితరేణువులో దాచిన పిండిని ఆకు రాత్రంతా కరిగించి చక్కెరగా చేసి మొక్కకి పంపేస్తుంది. రాత్రి వలయం నడవదని మాస్టారు చెప్పారు కదా, మరి వేర్లు, మొగ్గలు రాత్రి ఏం తింటాయి? ఈ పిండే. తెల్లారేసరికి గాదె ఖాళీ. ఈరోజు సాయంత్రం నాలుగింటికి అదే చెట్టు ఆకు కోయమనండి. రెండో ఆకుని రేపు పొద్దున్న కోయండి. పక్కపక్కన పెట్టండి.

వంశధార గట్టు (గుణుపురం) | శుక్రవారం రాత్రి 9:20

చేశాం. నిన్న ఉదయం మీ మాట చదవగానే నేనే కొత్త ఆకుకి పట్టీ పెట్టి, సాయంత్రం నాలుగింటికి కోశాను. అయోడిన్ చుక్క పడగానే ముందు ఏమీ అవలేదు. తర్వాత అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది, కాటుక పులిమినట్టు. పట్టీ ఉన్నచోట మాత్రం రెండు వేళ్ళ వెడల్పున లేతగా గీత గీసినట్టు మిగిలింది. క్లిప్పు మూల వంకరగా పెట్టాను, ఆ వంకర కూడా అలాగే పడింది. ఈరోజు పొద్దున్న కోసిన ఆకులో నలుపు లేదు. రెండు ఆకుల్నీ తెల్ల పళ్ళెంలో పెట్టి అందరికీ చూపించింది. వాళ్ళ నాన్న కూడా పని మానుకుని చూశారు.

తమ్ముడూ, ఇప్పుడు అది మొక్కజొన్న ఆకు పట్టుకుని కూర్చుంది. లోపలి గది నిజంగా ఉంటే పిండి ఈనెల చుట్టూనే ఉండాలి కదా అంటోంది. నిజమేనా?

ల్యాబ్ కోటు (బరంపురం) | శుక్రవారం రాత్రి 9:41

ఈ ప్రశ్న తనంతట తనే అడిగిందా? నిజమే. మొక్కజొన్నలో వలయం నడిచేది లోపలి గదిలోనే, పిండి ప్రధానంగా అక్కడే చేరుతుంది. సాయంత్రం కోసిన ఆకుని కొత్త బ్లేడుతో అడ్డంగా, వీలైనంత పలచగా కోయమనండి. గడ్డిజాతి ఆకు తెల్లబడడానికి ఎక్కువసేపు పడుతుంది, ఓపిక పట్టాలి. కాలేజీ మైక్రోస్కోపు దొరుకుతుందా?

వంశధార గట్టు (గుణుపురం) | సోమవారం సాయంత్రం 7:05

కాలేజీలో ల్యాబ్ మేడమ్ అనుమతి ఇచ్చారు. ఎనిమిది ముక్కలు కోస్తే ఏడు మందంగా వచ్చాయట. ఎనిమిదోది కుదిరింది. కాగితం మీద బొమ్మ గీసి తెచ్చింది, నా ముందు ఉంది. ఒక వరసలో ఈనెలు, ఒక్కో ఈనె చుట్టూ నీలి నలుపు ఉంగరం. ఉంగరాల మధ్య ఉన్న కణాలు దాదాపు తెల్లగా ఉన్నాయి. పదకొండు ఉంగరాలు లెక్కపెట్టిందట. వరి ఆకు కూడా ఇలాగే కోసి చూస్తానని రేపటికి మళ్ళీ అడిగి వచ్చింది.

పాత మాస్టారు (పర్లాకిమిడి) | సోమవారం సాయంత్రం 7:30

వరి ఆకులో ఉంగరాలు రావమ్మా. పిండి కనిపిస్తే ఈనెల మధ్య కణాల్లో కనిపిస్తుంది. అయినా చూడనివ్వండి. ముందే చెప్పకండి.